మబ్బు నడక

విశాఖ వన్‌టౌన్‌లో పుట్టి, పోర్టు టగ్గుల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మా వీధి కుర్రాళ్లు ఫోన్లో రాడార్ బొమ్మ చూపించి, "తాతా, వాన పడతాదా?" అంటారు. రాడార్‌ని కాదనను. తలెత్తి చూడ్డం కూడా రావాలంటాను.

1. ఆకారాన్ని బట్టి పేరు పెట్టడం తేలికే. 1802లో లండన్‌లో లూక్ హోవర్డ్ అనే మందుల తయారీదారు మబ్బుల్ని పోగులు, కుప్పలు, పొరలుగా విడదీశాడు. వాతావరణశాఖది నేటికీ ఆ దారే. మనకి పేరుకన్నా, అది ఎటునుంచి ఎటు పోతోందన్నదే ముఖ్యం.

2. పొద్దున తేలే దూదిపింజలతో భయం లేదు, వడియాలు పెట్టుకోండి. మధ్యాహ్నానికి అవే నిలువుగా పెరుగుతుంటే పడమటివైపు కన్నేసి ఉంచండి.

3. ఏప్రిల్, మే నెలల్లో అనంతగిరి కొండల మీద వేడికి లేచిన మబ్బు సాయంత్రానికి సింహాచలం కొండ వెనక నల్లగా నిలబడుతుంది. పైభాగం చదునుగా పరుచుకుందంటే పది కిలోమీటర్ల ఎత్తు దాటిందని లెక్క. ముందు ఈదురుగాలి, వెనక వాన. ఉక్కలో చల్లగాలి ఒక్కసారిగా తగిలితే మేడ దిగిపోండి. పిడుగు వానకోసం ఆగదు.

4. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అనేవారు పెద్దలు. అందులో పస ఉంది. చెయ్యి చాచి చూస్తే చంద్రుడికి జానెడు దూరంలో కట్టే గుడి, బాగా ఎత్తున ఉన్న పల్చటి మంచురేణువుల పొర వల్ల. వాయుగుండానికి ముందు నడిచేది తరచూ ఆ పొరే. చంద్రుణ్ణి అంటుకుని రంగులీనేది నీటి బిందువుల మబ్బు, దానితో తొందరలేదు. అయితే వేసవిలో ఉరుముల మబ్బు చెదిరినా పెద్దగుడి కడుతుంది. పొర చిక్కబడుతూ కిందికి దిగితేనే నమ్మండి.

5. అక్టోబరులో నేను చూసేది కింద పరుగెత్తే చిరుగు మబ్బుల్ని. అవి వచ్చే దిక్కుకి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం ఇంచుమించు కుడిచేతి వైపుంటుంది. ఈశాన్యం నుంచి వస్తున్నాయా, కేంద్రం ఆగ్నేయాన సముద్రంలో ఉంది. పడవలు తియ్యొద్దు. వాయవ్యం నుంచి రావడం మొదలెట్టాయా, అది ఒడిశా వైపు జరిగినట్టే. గాలిని వీధి మలుపులు తిప్పేస్తాయి గాని మబ్బుని తిప్పలేవు. అందుకే నా నమ్మకం దానిమీద.

6. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ మబ్బులో మునిగితే ముసురు. గొడుగు చాలు.

7. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా మన మీదికే వచ్చింది. కైలాసగిరి మీది రాడారే ఆ గాలికి దెబ్బతింది. తుపాను కన్ను నెత్తిమీదికొస్తే గాలి ఆగి ఆకాశం కాస్త తెరిపిస్తుంది. అప్పుడు రేకులు సర్దుకుందామని బయటికి రాకండి. రెండోగాలి ఎదురు దిక్కునుంచి కొడుతుంది.

8. పోర్టులో 11వ నంబరు హెచ్చరిక ఎగరేస్తే పదోదాని కన్నా పెద్ద తుపాననుకుంటారు. కాదర్రా. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.