వైడాల్ కాగితంలో ఉన్నదీ లేనిదీ

లావణ్యా,

హాస్టల్లో నీ స్నేహితురాలికి జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని రాసిచ్చారనీ, ఆ కాగితం మీద ఓ, హెచ్, 1:80 అంటే ఏమిటో బోధపడలేదనీ రాశావు. నిర్వచనాలు బట్టీపట్టేకంటే ఆ కాగితాన్నే పట్టుకుని నడువమ్మా, నీ ఎం.ఎల్.టి. (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) మొదటి ఏడాది పాఠాల్లోని మాటలు చాలావరకు దారిలోనే తగులుతాయి.

టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా టైఫి అనే బాక్టీరియా. వైరస్‌లా కాదు, ల్యాబ్‌లో కల్చర్ మీడియం మీద సొంతంగా పెరుగుతుంది; యాంటీబయాటిక్‌కు లొంగుతుంది. మలం కలిసిన నీళ్లతోనో తిండితోనో లోపలికి పోయి, పేగు గోడ దాటి పెరగడం మొదలైతే దాన్ని ఇన్ఫెక్షన్ అంటాం. అప్పటికింకా జ్వరం రాదు. మామూలుగా ఒకటి రెండు వారాలకు లక్షణాలు బయటపడతాయి. ఆ నడిమి కాలం ఇంక్యుబేషన్ పీరియడ్. లక్షణాలు కనిపించినప్పుడే దాన్ని వ్యాధి అంటాం.

ఇన్ఫెక్షన్ ఉండి వ్యాధి లేకుండా ఉంటుందా? ఉంటుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. తాను ఆరోగ్యంగానే ఉంది, పనిచేసిన ఇళ్లలో మాత్రం వరసగా టైఫాయిడ్ వచ్చేది. జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీరు ఆ సంగతి పసిగట్టాక 1907లో ఆమెను పట్టుకెళ్లి ఒక దీవిలో ఉంచారు. 1910లో వదిలారు, 1915లో మళ్లీ పట్టుకున్నారు. 1938లో పోయేదాకా అక్కడే. ఇలాంటివాళ్లను క్యారియర్లు అంటాం. క్రిమి చాలాసార్లు వాళ్ల పిత్తాశయంలో తిష్ఠ వేస్తుంది. ఒంట్లో నలతే లేని మనిషికి నువ్వు జబ్బు పంచుతున్నావంటే ఎలా నమ్ముతుంది? పత్రికలు ఆమెను ఆడిపోసుకున్నాయి గానీ, నాకు జాలే ఎక్కువ.

ఇక శరీరం సంగతి. మాక్రోఫేజ్ కణాలు కొత్త క్రిమి ఏదొచ్చినా మింగి చంపబోతాయి. ఇది పుట్టుకతో వచ్చే రక్షణ. సాల్మొనెల్లా గడుసుది, మాక్రోఫేజ్ మింగినా దాని లోపలే బతికి కాలేయానికీ ప్లీహానికీ చేరుతుంది. అప్పుడు రెండో రక్షణ అక్కరకు రావాలి. క్రిమి ఒంటిమీద మన కణాలు గుర్తుపట్టే భాగాలు యాంటిజెన్లు. ఓ అనే యాంటిజెన్ దాని బయటి పొరలో, హెచ్ అనేది అది ఈదడానికి వాడే తోకల్లాంటి ఫ్లాజెల్లాలో ఉంటాయి. వాటిని చూసి బి కణాలు ప్లాస్మా కణాలుగా మారి తయారుచేసే ప్రొటీన్లే యాంటీబాడీలు. ముందు ఐజీఎమ్, వెనకాల ఐజీజీ. ఇవి పరీక్షకు అందేంత పోగుపడాలంటే జ్వరం మొదలై సుమారు వారం పడుతుంది.

1896లో ఫ్రాన్స్‌లో ఫెర్నాండ్ విడాల్ ప్రకటించిన ఈ వైడాల్ పరీక్ష ఈ యాంటీబాడీల కోసమే. రోగి సీరమ్‌ను పలచన చేస్తూ పోయి, చంపిన బాక్టీరియాను కలుపుతాం. యాంటీబాడీలుంటే పాలు విరిగినట్టు గడ్డకడుతుంది. ఎంత పలచన దాకా కట్టిందో అదే టైటర్. 1:80 అంటే ఎనభయ్యోవంతుకు పలచన చేసినా కట్టిందన్నమాట.

అంటే వైడాల్ క్రిమిని చూడదు, దాని జాడను చూస్తుంది. జాడ పాతదీ కావచ్చు, మరో సాల్మొనెల్లాదీ కావచ్చు. మలేరియాలోనూ ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. టైఫాయిడ్ తరచు వచ్చే మన ఊళ్లలో ఆరోగ్యవంతులకూ తక్కువ టైటర్లు కనిపిస్తాయి. రెండో రోజు చేసిన ఒక్క వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చేయడం నాకు నచ్చదు. వారం పది రోజుల తేడాతో రెండు శాంపిళ్లు తీసి, టైటర్ నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు ఆలోచించాలి. మొదటి వారంలో అడగాల్సింది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు. కల్చర్ కూడా చాలా కేసులను జారవిడుస్తుంది కాబట్టి నెగెటివ్ వస్తే టైఫాయిడ్ లేనట్టే అనుకోకు. నీ స్నేహితురాలు మాత్రం మందులు తనంతట తాను ఆపకుండా, డాక్టరుతో ఈ సంగతి మాట్లాడితే మంచిది.

నీకొక లెక్క ఇస్తాను. టైఫాయిడ్ క్రిమి చుట్టూ వి.ఐ. అనే చక్కెర పదార్థపు పొర ఒకటుంటుంది. ఒట్టి చక్కెరైతే బి కణాలకు టి కణాల సాయం అందదు, అందుకే దానితోనే చేసిన టీకా రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రొటీన్‌కు జతచేసి, ఆరు నెలల పసివాళ్లకూ పనికొచ్చే టీకాను హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. ఆ టీకా మాత్రమే వేయించుకుని, ఎన్నడూ టైఫాయిడ్ రాని పిల్ల సీరమ్‌తో వైడాల్ చేస్తే ఓ, హెచ్ గొట్టాల్లో ఏం కనిపించాలి, ఎందుకు? జవాబు రాసి పంపు.

మీ తాతయ్య