నిజాయితీగల సాక్షి కూడా పొరబడవచ్చు

సాక్ష్యం ఒక అమానతు. దాన్ని దాచటం పాపమని దివ్యఖుర్ఆన్ (2:283) హెచ్చరిస్తోంది. అబద్ధ సాక్ష్యాన్ని దైవప్రవక్త (సఅసం) ఘోరపాపాలలో లెక్కించారు. ఈ రెండు విషయాలూ మనలో చాలామందికి తెలుసు. మూడోది ఒకటుంది. సాక్షి అబద్ధమాడడు, దేన్నీ దాచడు. అయినా అతను చెప్పింది వాస్తవం కాకపోవచ్చు.

హజ్రత్ అలీ (రజి) ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యాన్ని ఇమామ్ బుఖారీ తమ హదీసు గ్రంథంలో పేర్కొన్నారు. ఒకతను దొంగతనం చేశాడని ఇద్దరు సాక్ష్యమిచ్చారు. శిక్షగా అతని చేయి నరకబడింది. తర్వాత ఆ ఇద్దరే మరొకతన్ని తీసుకొచ్చి, తాము పొరబడ్డామని, అసలు దొంగ ఇతనేనని చెప్పారు. రెండో వ్యక్తిపై వారి సాక్ష్యాన్ని ఆయన స్వీకరించలేదు. మొదటి వ్యక్తి చేతికి పరిహారం వారిచేతనే కట్టించారు. కావాలని చేశారని తెలిస్తే వారి చేతులే నరికించేవాణ్ణని అన్నారు. పొరపాటు వేరు, అబద్ధం వేరు. అయినా పోయిన చేయి తిరిగి రాదు కదా!

అందుకే హదీసువేత్తలు ఉల్లేఖకునిలో రెండు గుణాలు చూశారు. ఒకటి ‘అదాలత్’, అంటే నీతి నిజాయితీ. రెండోది ‘జబ్త్’, అంటే విన్నదాన్ని ఉన్నదున్నట్లు గుర్తుంచుకునే శక్తి. ఎంత సత్యవంతుడైనా జ్ఞాపకం సరిగా లేకపోతే అతని ఉల్లేఖనం బలహీనమే. అలాగే సందేహమున్న చోట ‘హుదూద్’ శిక్షలు విధించరాదన్నది ఫిఖ్హ్‌లో స్థిరపడిన సూత్రం.

జ్ఞాపకం ఎలా మోసపోతుందో మన కాలపు కేసొకటి చూపుతుంది. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో అత్యాచారానికి గురైన ఒక యువతి, దుండగుణ్ణి తర్వాత గుర్తుపట్టాలని అతని ముఖాన్ని శ్రద్ధగా చూసింది. పోలీసులు మొదట ఫోటోలు చూపారు, తర్వాత కొందరిని వరుసలో నిలబెట్టారు. రెండింటిలోనూ ఉన్నవాడు రోనాల్డ్ కాటన్ ఒక్కడే. ఆమె రెండుసార్లూ అతన్నే చూపింది. 1987లో అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదుట నిలబెట్టినా గుర్తించలేకపోయింది. 1995లో డి.ఎన్.ఏ. పరీక్ష కాటన్ నిర్దోషి అని తేల్చేసరికి అతని జీవితంలో పదేళ్లకు పైగా జైలులోనే గడిచిపోయాయి.

మన దేశంలో కూడా సాక్షుల ముందు గుర్తింపు పరేడ్ జరుపుతారు. అంతకుముందే నిందితుణ్ణిగాని, అతని ఫోటోనుగాని సాక్షికి చూపిస్తే ఆ పరేడ్‌కు విలువ పోతుంది.

సోదర సోదరీమణులారా! సాక్ష్యం చెప్పవలసి వస్తే వెనుకాడకండి. చూసింది వెంటనే రాసి పెట్టుకోండి. ఇతరులు చెప్పిందీ, టీవీలో, ఫోనులో చూసిందీ అందులో కలపకండి. ముఖం సరిగా కనిపించకపోతే కనిపించలేదనే చెప్పండి. అలా చెప్పడం సాక్ష్యాన్ని దాచటం కాదు. మనసులోని సందేహాన్ని దాచి ‘ఇతనే’ అనటమే దాచటం. మన చూపు, వినికిడి, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించబడుతుందని ఖుర్ఆన్ (17:36) గుర్తు చేస్తోంది.

చూసినంతే చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.