చెరువు గట్టు, కుక్క మెడలో తాడు, నీటి పిట్టలు



ఈ నెల మన గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు నాది. పుస్తకంలో ఉన్నదే మళ్లీ రాస్తే ఎవరు చదువుతారు? అందుకని మనలో చాలామందికి తెలిసిన పాకాల చెరువు గురించి, అక్కడ బతికే పిట్టల గురించి, మన ఎంబడి వచ్చే కుక్కల గురించి రాస్తున్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పొద్దుగాల కుక్కను తీసుకుని చెరువు దిక్కు పోవడం మనకు అలవాటే. ఆ నడకలో చూసేది చాలా ఉంది. కాపాడాల్సింది కూడా ఉంది.

1. చెరువు సంగతి

పాకాల చెరువు వరంగల్ జిల్లాలో, నర్సంపేట దాటినాక అడవి గుట్టల నడుమ ఉంది. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో, క్రీ.శ. 1213 ప్రాంతంలో కట్టారు. అంటే 800 ఏళ్లు దాటింది. గుట్టల మధ్య ఉన్న సందును కట్టతో మూసి నీళ్లు ఆపారు. చుట్టూ ఉన్న అడవి ఇప్పుడు అభయారణ్యం. మనుషులు పొలాల కోసం కట్టుకున్న చెరువే పిట్టలకు ఇల్లయింది. తిండి నీళ్లలో దొరుకుతుంది, రాత్రి నిద్రకు చెట్లు ఉన్నాయి.

2. ఎవరి చోటు వాళ్లది

ఒకే చెరువులో ఇన్ని రకాల పిట్టలు కొట్లాడుకోకుండా ఎట్లా బతుకుతున్నాయి? కాళ్లు, ముక్కు చూస్తే జవాబు దొరుకుతుంది.

లోతు నీళ్లలో: నీటికాకి మునిగి చేపలు పడుతుంది. దాని ఈకలు బాతు ఈకల లెక్క నీళ్లను పూర్తిగా ఆపవు, తడుస్తాయి. అందుకే బయటికొచ్చి మోడు మీద రెక్కలు చాపుకుని ఎండబెట్టుకుంటుంది. మునుగుడు కోడి చిన్నది. గూడు విడిచి పోయేటప్పుడు గుడ్ల మీద నాచు, ఆకులు కప్పి పోతుంది.

ఒడ్డు నీళ్లలో: తెల్లకొంగ, గుడ్డికొంగ కదలకుండా నిలబడి చేప దగ్గరికొచ్చేదాకా చూస్తాయి.

బురదలో: నత్తగుల్లలు తినే పెద్ద కొంగ ఒకటి ఉంది. దాని ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెద్దయ్యాక వస్తుంది.

తామరాకుల మీద: పొడుగు వేళ్ల పిట్ట ఒకటి ఆకు మునగకుండా నడుస్తుంది. వేళ్లు పొడుగు కాబట్టి దాని బరువు ఆకు మీద అంతటా పంచుకుపోతుంది. ఈ జాతిలో గుడ్లు పొదిగేది, పిల్లల్ని చూసుకునేది మగపిట్టే!

చలికాలంలో: సూదితోక బాతు వంటివి ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చి, ఎండలు ముదిరేలోగా తిరిగి పోతాయి.

3. తీతువు ఎందుకు అరుస్తుంది?

తీతువు కూస్తే కీడు అని మన పెద్దలు అంటారు. కానీ అది ఎప్పుడు అరుస్తుందో చూడండి. మనమో మన కుక్కో దాని గుడ్ల దగ్గరికి పోయినప్పుడే ఎక్కువ అరుస్తుంది.

తీతువు గూడు కట్టదు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి బయటపడ్డ నేల మీద, రాళ్ల నడుమ, మామూలుగా 4 గుడ్లు పెడుతుంది. గుడ్లు అచ్చం రాళ్ల రంగులోనే ఉంటాయి. మన కంటికి కనబడవు. కానీ కుక్కకు కన్నుతో పనిలేదు, ముక్కు చాలు.

పొదగడం అంటే వేడి ఇవ్వడమే అనుకుంటాం. మన ఎండల్లో దానికి తిరగబడ్డ పని పడుతుంది. తల్లీతండ్రీ వంతులవారీగా గుడ్లకు నీడ పడుతాయి. నీళ్లలో పొట్ట ఈకలు తడిపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి కూడా. ఇట్లా దాదాపు 4 వారాలు. కుక్క గుడ్లు తినకపోయినా, అది అక్కడక్కడే తిరుగుతున్నంతసేపు తీతువు గాలిలో అరుస్తూ ఉంటుంది, గుడ్లు ఎండలో కాలుతుంటాయి. లోపలి పిల్ల చచ్చిపోతుంది. కాబట్టి ఆ అరుపు మనకు కీడు చెప్పడం కాదు. దాని ఇంటికి వచ్చిన కీడును చెప్పుకోవడం.

చలికాలం బాతులకు ఇంకో తిప్పలు. వాటిలో చాలా రకాలు పగలు విశ్రాంతి తీసుకుని రాత్రి మేస్తాయి. వేల కిలోమీటర్లు తిరిగి పోవడానికి ఒంట్లో కొవ్వు దాచుకోవాలి. కుక్క నీళ్లలోకి దూకినప్పుడల్లా గుంపంతా లేస్తే ఆ కొవ్వు ఇక్కడే కరిగిపోతుంది.

4. మరి కుక్కను ఇంట్లో వదిలిపెట్టాలా?

అవసరం లేదు. మా తాత అడవికి పోతే కుక్క లేకుండా పోడు. మనకంటే ముందు దానికే అన్నీ తెలుస్తాయి. తాడు కట్టిన కుక్క పిట్టలు చూసేవాళ్లకు మంచి తోడు కూడా. అది చెవులు నిక్కబొడిచి ఎటు చూస్తే అటు మెల్లగా చూడండి, ఏదో ఒకటి ఉంటుంది. నేను పాటించేవి ఇవి:

(అ) చెరువు కనబడగానే మెడకు తాడు కట్టాలి. నాలుగైదు మూరలు చాలు.
(ఆ) కట్ట మీదనే నడవాలి. ఎండాకాలంలో నీళ్లు పోయిన నేల మీదికి తీసుకుపోవద్దు.
(ఇ) తీతువు అరిచిందంటే ఆగి, వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. గుడ్ల కోసం వెతకొద్దు.
(ఈ) పిట్టల మీదికి కుక్కను ఉసిగొల్పొద్దు. రాళ్లు విసరొద్దు.
(ఉ) కుక్కకు రేబిస్ టీకా వేయించాలి. అది మన ఇంటికీ మంచిది, అడవిలోని నక్కలకూ మంచిది. కుక్క కరిస్తే పసరు పూసుకుని కూర్చోకుండా, సబ్బుతో పారే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, వెంటనే దవాఖానకు పోవాలి.

ఇంకో మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల గుడ్లు పాడుచేయడమే కాదు, గూడును కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది.

5. మనం చేయగల పని

సలీం అలీ గారు 1931-32లో అప్పటి హైదరాబాదు రాజ్యమంతా తిరిగి పిట్టల లెక్క రాసుకున్నారు. మనం మన ఊరి చెరువు ఒక్కటి రాసినా చాలు. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: తేదీ, పిట్ట, ఎన్ని, ఏం చేస్తున్నది. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్లు రాయండి. ఇంట్లో అవ్వ, తాత ఆ పిట్టను ఏమంటారో మన భాషలోనే అడిగి రాయండి. ఆ పేర్లు పుస్తకాల్లో దొరకవు.

వార్డెన్ సారుకు ఒక మనవి: సెలవులయ్యాక అందరి లెక్కలు కలిపి ఈ గోడ మీదనే ఒక చార్టు పెట్టనివ్వండి. మనం చెరువుకు పోయే ఆదివారాలు మన వంటశాల దగ్గరి ఎర్రకుక్క మన ఎంబడే వస్తుంది కదా, దానికోసం ఒక తాడు కూడా ఇప్పించండి.

ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి)
1. నీటికాకి రెక్కలు ఎందుకు చాపుతుంది?
2. ఎండాకాలంలో తీతువు పొట్ట ఈకలు ఎందుకు తడుపుకుంటుంది?
3. మీ గూడెంలో తీతువును ఏమని పిలుస్తారు?

మూడో ప్రశ్నకు ఎన్ని రకాల జవాబులు వస్తే అంత సంతోషం.

— మీ తోటి విద్యార్థి, 9వ తరగతి