వాయుగుండం వస్తోందంటే ఐటీ కారిడార్‌లో ఏం చేయాలి?

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన తెచ్చేది బంగాళాఖాతం. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రికే హైదరాబాద్‌ను ముంచింది. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. అయితే వేసవి సాయంత్రం వానలా ఇది చెప్పకుండా రాదు. సాధారణంగా రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక ఉంటుంది.

చేయవలసినవి

• బేగంపేట వాతావరణ కేంద్రం బులెటిన్‌లో జిల్లా రంగు చూడండి. మాదాపూర్, గచ్చిబౌలి వాళ్లు చూడాల్సింది రంగారెడ్డి జిల్లా. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే జాగ్రత్తపడమని.

• ఇంటి నుంచి పని ముందురోజే అడగండి. ఆఫీసు తప్పదంటే బైకు వదిలి రాయదుర్గం మెట్రో ఎక్కండి.

• ఊరికి ఫోన్ చేయండి. ఇది వరి కోతల కాలం. వడ్లు కల్లంలోనో కొనుగోలు కేంద్రంలోనో ఆరబోసి ఉంటాయి, తేమ 17 శాతం మించితే కొనరు. కోయని చేను వాన వెలిసేదాకా ఆపమనండి. కుప్పలపై టార్పాలిన్ కప్పి, చుట్టూ చిన్న కాలువ తీయమనండి. చేను పడిపోయి కంకులు తడిస్తే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. ఇది పెద్దవాళ్లకు తెలిసిన సంగతే, కానీ వాన కబురు ముందు చూసేది మీ ఫోనే.

చేయకూడనివి

• వాన పడగానే అందరూ ఒక్కసారే రోడ్డెక్కవద్దు. 2023 జూలై వానల్లో సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలను మూడు దశల్లో లాగౌట్ చేయమన్నది ఇందుకే.

• ఫ్లైఓవర్ కింద బైకు ఆపి వాన తగ్గేదాకా నిలబడవద్దు. వెనక అంబులెన్సు ఇరుక్కుంటుంది.

• నీళ్లు చేరిన సెల్లార్‌లోకి కారు కోసం దిగవద్దు. కరెంటు బోర్డులు, జనరేటర్లు చాలాచోట్ల అక్కడే ఉంటాయి. లిఫ్టూ వాడవద్దు.

• నిలిచిన నీళ్లలో నడవవద్దు, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైకి తెలియదు. స్తంభాలను తాకవద్దు. కరెంటు సమస్యకు 1912, ప్రాణాపాయానికి 112.

టీమ్ లీడ్లకు ఒక మనవి: రెడ్ అలర్ట్ రోజు ఎవరినీ ఆఫీసుకు రమ్మనకండి.