ఫ్రియాన్-12: గుణమే దోషమైన వాయువు

ద్రవము ఆవిరియగునపుడు పరిసరముల నుండి ఉష్ణమును గ్రహించును. కుండలోని నీరు చల్లబడుటకును, రిఫ్రిజిరేటరులో చలి పుట్టుటకును ఈ సూత్రమే ఆధారము. తొలినాటి రిఫ్రిజిరేటర్లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వాడెడివారు. ఇవి విషవాయువులు, గొట్టము కారినచో ప్రాణాపాయము.

ఈ లోపమును తీర్చుటకు అమెరికాలో థామస్ మిడ్గ్లీ బృందము 1928లో డైక్లోరో డైఫ్లోరో మీథేనును ఎన్నుకొనెను. ఒక కార్బన్ పరమాణువునకు రెండు క్లోరిన్, రెండు ఫ్లోరిన్ పరమాణువులు చేరిన అణువిది. కార్బన్ టెట్రాక్లోరైడు, హైడ్రోజన్ ఫ్లోరైడుల చర్య వలన లభించును. ఆంటిమొనీ లవణము ఉత్ప్రేరకము. సున్నకు దిగువ సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును. మండదు, విషము కాదు. 1930లో మిడ్గ్లీ దీనిని పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి నార్పి సభికులకు చూపెను.

ఇది దేనితోను సులభముగా చర్య జరపదు. ఆ గుణమే దోషమైనది. క్రింది వాతావరణమున నశింపక స్ట్రాటోస్ఫియరు చేరును. అచట అతినీలలోహిత కిరణములు దీనినుండి క్లోరిన్‌ను విడదీయును. ఆ క్లోరిన్ ఓజోనును ఆక్సిజనుగా మార్చి, తాను తరుగక అదే పని మరల మరల చేయును. 1974లో మొలీనా, రోలాండులు ఈ ప్రమాదమును తెలిపిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1992లో భారతదేశము అందు చేరెను.

తరువాత వచ్చిన ఆర్-134ఎ లో క్లోరిన్ లేదు. కాని అది భూతాపమును పెంచును. నేడు అనేక గృహ రిఫ్రిజిరేటర్లలో వాడు ఐసోబ్యూటేనుకు ఆ రెండు దోషములు దాదాపు లేవు. కాని అది మండును.

కనుక విద్యార్థులకు మేము చెప్పునది ఇదియే: పదార్థమెట్లు పనిచేయునో తెలిసికొనుడు; పని ముగిసిన పిదప ఎక్కడికి పోవునో కూడ అడుగుడు.