మట్టిగోడకు సిమెంటు పూత: ఒక గ్రామపు అనుభవము

గ్రామములోని పాత ప్రార్థనా మందిరము బీటలు వారినదనగానే పంచాయతీ సమావేశమున మొదట వినవచ్చు మాట "సిమెంటు పూయించుదము" అనునది. ఆ మాట వెనుక సదుద్దేశమే ఉన్నది. ఏటేట మరమ్మతు తప్పును. కట్టడము కొత్తదివలె కనబడును. అయితే ఈ దారిని నడచి, పండ్రెండేండ్లకు వెనుకకు మరలిన గ్రామ మొకటి అమెరికాలో కలదు. దాని సంగతి మన సభ్యులు తెలిసికొనదగినదని తలంచుచున్నాము.

న్యూ మెక్సికో రాష్ట్రములో, తావోస్ పట్టణమునకు దక్షిణమున నాలుగు మైళ్ల దూరములో రాంచోస్ దే తావోస్ అను పల్లె ఉన్నది. అచ్చటి స్పానిషు భాషా కుటుంబములు సుమారు 1816 నాటికి సెయింట్ ఫ్రాన్సిస్ పేరిట ఒక చర్చి కట్టి ముగించిరి. మన్ను, గడ్డి, నీరు కలిపి పిసికి, ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకలే దాని గోడలు. అవి ఒరగకుండ వెలుపల బలమైన మట్టి దిమ్మెలను ఆనించిరి. జార్జియా ఓకీఫ్ వంటి ప్రసిద్ధ చిత్రకారులు దానిని చిత్రించిరి. 1970లో ఆ దేశ ప్రభుత్వము దానిని జాతీయ చారిత్రక కట్టడముగా గుర్తించినది.

వానకు, మంచుకు కరగిన పైపూతను గ్రామస్థులే తిరిగి మట్టితో పూయుచుండెడివారు. ఈ విద్యలో ఆరితేరినవారు స్త్రీలు. మన పల్లెలలో గోడలు అలికిన అవ్వలను చూచిన వారికి ఇందులో వింత తోచదు.

1967లో ఈ శ్రమ తప్పునని చర్చి వెలుపలి గోడలకు సిమెంటు పూయించిరి. చిక్కు అచ్చటనే మొదలైనది. మట్టిపూత వానకు తడియును, ఎండకు ఆరును. గోడలోని చెమ్మ దాని గుండ ఆవిరియై పోవును. పైపొర కరగినను ఆ నష్టము కంటికి కనబడును. సిమెంటు అట్లు కాదు. అది బిరుసు, లోని మట్టితో పాటు కదలజాలదు, కావున సన్నని చీలికలు పడును. వాననీరు వాటిలో దిగును, నేలచెమ్మయు పైకి ఎక్కును. వెలికి పోవుటకు మాత్రము దారి ఉండదు. పచ్చి ఇటుక లోలోపల నాని మెత్తబడును. పైకి గోడ గట్టిగానే కనబడుచుండును! రోగము ముదిరిన పిమ్మటగాని బయటపడదు.

తుదకు 1979లో ఆ సిమెంటును ఊడదీసి, చెడిన చోట్ల ఇటుకలు మార్చి, గ్రామస్థులు కలసి మరల మట్టి పూసిరి.

సిమెంటు చెడ్డదని మేము చెప్పుట లేదు. కాల్చిన ఇటుకకు, కాంక్రీటుకు అది తగినదే. లోపలి గోడ ఏమిటన్నదే ప్రశ్న. సున్నముతో కట్టిన మన పాత గుడులకు, మసీదులకు, చర్చిలకు కూడ ఈ చిక్కు కలుగవచ్చును. కావున తీర్మానమునకు ముందు జానెడు మేర పూత తీసి లోపల చూడవలెను. సున్నపు పని తెలిసిన ముదుసలి మేస్త్రీ ఉన్నచో పిలిచి చూపవలెను. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడమైనచో, 1958 నాటి చట్టము ననుసరించి అనుమతి పొందిన పిదపనే చేయి పెట్టవలెను.

రాంచోస్ దే తావోస్‌లో ఇప్పటికిని ఏటేట జూన్ నెలలో పూతపని జరుగుచున్నది. మన్ను జల్లించి, ఇసుకయు గడ్డియు కలిపి, పిన్నలు పెద్దలు బకెట్లతో మోసి, గోడలకు చేతులతో పూయుచున్నారు.