గీతకు అటూ ఇటూ ఒకే జనము
(కొరియా ప్రజలను గూర్చిన పాఠము)

సొంత ఊరు విడిచి వచ్చి, పరాయి భాష నడుమ రెండు మూడు తరములుగా స్థిరపడిన మనకు "మీది ఏ ఊరు?" అన్న ప్రశ్న కొత్త కాదు. మనము సంకోచము లేకుండా జవాబు చెప్పుదుము. సెలవులు దొరికితే రైలెక్కి వెళ్ళి, బంధువులను చూచి వత్తుము. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకే భయపడవలసి వచ్చిన ఒక జనమును గూర్చి ఈ నెల పాఠములో తెలిసికొందము. వారు కొరియా ప్రజలు. వారిది ఒకే భాష, ఒకే లిపి. వెయ్యేండ్లకు పైగా ఒకే రాజ్యముగా బ్రతికినవారు నేడు రెండు దేశములుగా ఉన్నారు.

1. గీత ఎవరు గీచారు?

1910లో జపాను కొరియాను తనలో కలుపుకొన్నది. 1945 ఆగస్టు 15న జపాను ఓటమి ఒప్పుకొన్నప్పుడు కొరియా ప్రజలు విడుదల వచ్చినదని వీధులలోనికి వచ్చి సంతోషించారు. అయితే అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టు 10వ తేదీ రాత్రి వాషింగ్టనులో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అను ఇద్దరు సైనికాధికారులు ఒక పటము ముందు పెట్టుకొని 38వ అక్షాంశము వద్ద గీత నిర్ణయించారు. వారికి దొరికిన సమయము సుమారు అరగంట. ఉత్తరమున జపాను సైన్యము సోవియట్ వారికి, దక్షిణమున అమెరికా వారికి లొంగిపోవలెనని ఏర్పాటు. కొరియా వారిని ఎవరూ అడుగలేదు.

తాత్కాలికమనుకొన్న గీత స్థిరపడినది. 1948 ఆగస్టు 15న దక్షిణమున, సెప్టెంబరు 9న ఉత్తరమున వేర్వేరు ప్రభుత్వములు ఏర్పడినవి. దేశమంతయు మాదేనని రెండును చెప్పుకొన్నవి. 1950 జూన్ 25న ఉత్తర సైన్యము గీత దాటగా మొదలైన యుద్ధము 1953 జూలై 27న ఆగినది. లక్షల మంది మరణించిన తరువాత సరిహద్దు ఇంచుమించు మొదటి చోటనే నిలిచినది. అది యుద్ధ విరమణ మాత్రమే. శాంతి సంధి నేటికిని కుదరలేదు.

2. మద్రాసుకు వచ్చిన 88 మంది

ఈ చరిత్రలో మన దేశమునకు కూడ ఒక పాత్ర ఉన్నది. యుద్ధ విరమణ తరువాత, స్వస్థలమునకు తిరిగి వెళ్ళమన్న ఖైదీలు 22,000కు పైగా మిగిలారు. వారి సంగతి తేల్చుటకు ఏర్పడిన తటస్థ దేశముల కమిషనుకు అధ్యక్షుడు కర్ణాటకలోని కొడగు ప్రాంతమునకు చెందిన జనరల్ తిమ్మయ్య. కాపలా బాధ్యత భారత సైనికులది. వారు తన నేలపై కాలు మోపరాదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ పట్టుబట్టినందున, వారిని హెలికాప్టర్లలో శిబిరములకు చేర్చవలసి వచ్చినది.

ఖైదీలలో ఎక్కువమంది ఏదో ఒక పక్షమును ఎన్నుకొన్నారు. కాని 88 మంది రెండు పక్షములూ వద్దన్నారు. వారిలో 76 మంది కొరియా వారు, 12 మంది చైనీయులు. 1954 ఫిబ్రవరిలో వారు భారత సైనికులతో పాటు ఓడలో మద్రాసు చేరారు. తరువాత చాలామంది బ్రెజిల్, అర్జెంటీనా దేశములకు వెళ్ళిపోయారు, కొద్దిమంది భారతదేశములోనే ఉండిపోయారు. దేశము మీద ప్రేమ లేక వారు ఇట్లు చేయలేదు. సగము దేశమును ప్రేమించి మిగిలిన సగమును ద్వేషించుమని అడిగినందున వారికి నిలుచుటకు చోటు లేకపోయినది.

3. వలస వెళ్ళినవారి వీధులలో

మనము ముఖ్యముగా గమనింపవలసినది జపానులో స్థిరపడిన కొరియా వారి సంగతి. 1945లో అక్కడ సుమారు 20 లక్షల మంది కొరియా వారు ఉండిరి. ఎక్కువమంది తిరిగి వెళ్ళగా 6 లక్షల మంది మిగిలిపోయారు. వారిలో నూటికి తొంబై మందికి పైగా దక్షిణ జిల్లాలనుండి వచ్చినవారే. 1952లో వారికి జపాను పౌరసత్వము పోయినది. మంచి ఉద్యోగములు, అద్దె ఇండ్లు దొరకుట కష్టమైనది.

గీత వారి మధ్యకు కూడ వచ్చినది. 1946లో ఏర్పడిన మిండాన్ సంఘము దక్షిణ ప్రభుత్వమునకు, 1955లో ఏర్పడిన చోంగ్నియోన్ సంఘము ఉత్తర ప్రభుత్వమునకు అనుకూలము. ఒకే వీధిలో పక్కపక్క ఇండ్లవారు, ఒక్కొక్కప్పుడు అన్నదమ్ములు సహితము, రెండు పక్షములైనారు.

ఉత్తరమునకు వస్తే ఇల్లు, చదువు, వైద్యము ఉచితమని ప్రచారము జరిగినది. 1959 డిసెంబరులో నీగాటా రేవునుండి మొదటి ఓడలు బయలుదేరినవి. 1984 వరకు సుమారు 93,000 మంది వెళ్ళారు. వారిలో జపాను భార్యలు సుమారు 1,800 మంది ఉన్నారు. స్వదేశమునకు తిరిగి పోవుచున్నామని వారు అనుకొన్నారు. నిజమునకు వారిలో చాలామంది పుట్టిన ఊళ్ళు దక్షిణమున ఉన్నవి. చూడని నేలకు వెళ్ళి, మరల బయటికి రాలేకపోయారు. జపానులో మిగిలిన బంధువులు సంవత్సరముల తరబడి బట్టలు, మందులు, డబ్బు పంపుచు వచ్చారు. అక్కడివారికి ఏమగునోయని నోరు విప్పలేకపోయారు.

4. ముసలివారైన బిడ్డలు

యుద్ధ కాలమున "కొద్ది రోజులలో వస్తాను" అని చెప్పి ఇల్లు దాటినవారు వేలమంది. తిరిగి వచ్చు దారి మూసుకొనిపోయినది. 1983లో దక్షిణ కొరియా కె.బి.ఎస్. టెలివిజను, చెదరిన కుటుంబములను వెదకు కార్యక్రమమును 138 రోజులు ప్రసారము చేయగా 10,000కు పైగా కుటుంబములు కలిసికొన్నవి. ఒకే దేశములో, కొన్నిసార్లు ఒకే పట్టణములో ఉండి కూడ ముప్పది యేండ్లు ఒకరినొకరు ఎరుగనివారు వారిలో ఉన్నారు.

గీతకు అవతల ఉన్నవారిని చూచుటకు 2000 నుండి 2018 వరకు 21 పర్యాయములు కలయికలు జరిగినవి. ఒక్కొక్కరికి దొరికినది కొద్ది గంటలే. 2018 ఆగస్టు తరువాత అదియు లేదు. దక్షిణమున పేర్లు నమోదు చేసికొన్న సుమారు 1,34,000 మందిలో నేడు బ్రతికియున్నవారు 40,000కు లోపే.

5. సంఘములు పలికిన మాట

ఒకప్పుడు ప్యోంగ్యాంగ్ పట్టణమునకు "తూర్పు యెరూషలేము" అని పేరు. 1907 నాటి ఉజ్జీవము అక్కడనే జరిగినది. కమ్యూనిస్టు పాలన వచ్చిన తరువాత విశ్వాసులు అనేకులు దక్షిణమునకు పారిపోయారు. సియోలులోని యంగ్నాక్ సంఘమును 1945లో ప్రారంభించినవారు అట్టి శరణార్థులే. వారి గాయము నిజమైనది. దానిని తేలికగా మాటలాడకూడదు.

1986లో స్విట్జర్లాండులోని గ్లియోనులో ఉత్తర, దక్షిణ క్రైస్తవ ప్రతినిధులు మొదటిసారి కలిసికొన్నారు. 1988 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా జాతీయ సంఘముల సమాఖ్య, అవతలివారిని ద్వేషించుట తమ పాపమని బహిరంగముగా ఒప్పుకొన్నది. ఉత్తరమున బాధలు పడి వచ్చిన అనేకులు దీనిని అంగీకరింపలేదు. "ఒప్పుకోవలసినవారు మేమా?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను అన్యాయము అనుభవించినవాని ఇంటిలో కూడ ద్వేషము వారసత్వముగా పిల్లలకు దిగునని ఆ ప్రకటన గుర్తు చేసినది. ఆగస్టు 15కు ముందు ఆదివారమున కొరియా సమాధానము కొరకు ప్రార్థించు ఆచారము ఆ కాలముననే మొదలైనది.

6. నేటి స్థితి

2023 డిసెంబరులో ఉత్తర కొరియా నాయకుడు కిమ్ జోంగ్ ఉన్, దక్షిణము ఇక సోదర జనము కాదు, శత్రు దేశమని ప్రకటించారు. 2024 అక్టోబరులో రెండు ప్రాంతములను కలుపు రోడ్లను పేల్చివేశారు. ప్రభుత్వములు గీతను గట్టిపరచగలవు. కాని అవతల ఉన్న చెల్లెలిని అక్క పరాయిదిగా ఎంచవలెనని ఏ ప్రకటనయు చేయలేదు. ఆ అక్కకు నేడు తొంబై యేండ్లు. ఆమెకు కావలసినది ఒక ఉత్తరము, కనీసము బ్రతికియున్నదో లేదో అన్న కబురు. రాజకీయములన్నియు తేలువరకు ఆమె వేచియుండలేదు. కనుక పెద్ద ఒప్పందముల కంటె ముందు ఆ కబురుకైనను దారి తెరువవలెనని కోరుట న్యాయము.

కలిసి ఆలోచించుటకు:
1) 88 మంది ఖైదీలు రెండు పక్షములనూ ఎందుకు కాదన్నారు?
2) జపానులోని కొరియా వారి మధ్య చీలిక ఎట్లు వచ్చినది? స్వస్థలపు తగవులు మన సమాజములలోనికి ఏ దారిన వచ్చుచున్నవి?
3) బాధపడినవారిని గౌరవించుచునే ద్వేషమును పిల్లలకు అందనీయకుండుట ఎట్లు?
4) మన పెద్దలు విడిచి వచ్చిన ఊరు, అక్కడి బంధువుల పేర్లు మన పిల్లలకు తెలియునా? ఈ వారమే అడిగి వ్రాసిపెట్టుకొందము.